ప్రచ్ఛాదన వస్త్రములు: మింటి కన్ను పరీక్ష

మన పల్లెలలో కోడెను కొనువాడు పండ్లు చూడక బేరమాడడు. చీర కొనెడి యిల్లాలు అంచు పట్టి లాగి, వెలుగున కడ్డముగా పెట్టి, కొంగు తడిపి రంగు నిలుచునో లేదో చూచినగాని సొమ్ము చేతినుండి విడువదు. బంగారమునకు గీటురాయి కలదు. ధాన్యమునకు చేట కలదు. ఇట్టి స్వల్పవ్యయములయందే యింత జాగరూకత వహించు జనులు, తమ పన్నుల సొమ్ముతో తమ బిడ్డలకు యుద్ధరంగమున కప్పెడి గుడ్డను ఏ గీటురాయిమీద గీసి చూచిరని యడుగకుండుట మిక్కిలి వింత. సైనికులు కామఫ్లాజ్ అని పిలుచునదియు, మనము ప్రచ్ఛాదన వస్త్రమని చెప్పదగినదియు నగు నా బట్ట, మనుష్యుని, ఫిరంగిని, బండిని నేలలో కలిపివేసి శత్రువు కన్ను గప్పుటకై పుట్టినది. అయితే ఆ కన్ను నేడు చెట్టుచాటున మాత్రమే లేదు. భూమికి వందలకొలది కిలోమీటర్ల యెత్తున ఉపగ్రహములందును గలదు. ఆ కంటి యెదుట పెట్టి చూడక కొన్న ప్రచ్ఛాదన వస్త్రము పరీక్షింపని వస్త్రమే యని మా యభిప్రాయము.

పరీక్షింపక కొన్నచో నేమగునో తెలిసికొనుటకు దూరమరుగ బనిలేదు. ఆఫ్ఘనిస్థానమునందు అమెరికా సొమ్ముతో అచ్చటి జాతీయసైన్యమునకు దుస్తులు కుట్టించిరి. 2007లో అప్పటి ఆఫ్ఘన్ రక్షణమంత్రి అడవి వన్నెలుగల యొక నమూనాను మెచ్చుకొనెను. అధికారు లదియే నిర్ణయించిరి. ఆ నమూనా స్వామ్యము ప్రైవేటు సంస్థది యగుటచే వెలయు హెచ్చెను. 2017 జూనునెలలో అమెరికా ప్రభుత్వపు ఆఫ్ఘన్ పునర్నిర్మాణ ప్రత్యేక తనిఖీ అధికారి యొక నివేదికను ప్రకటించెను. ఆ దేశమున అడవి నూటికి 2.1 పాళ్లు మాత్రమే యనియు, ఆ వన్నె యా నేలకు తగునా యని పరీక్షింపకయే యెన్నిరనియు, అందువలన పదేండ్లలో 2 కోట్ల 80 లక్షల డాలర్ల వరకు అధికవ్యయమై యుండవచ్చుననియు నందు వ్రాసెను. ఎడారిలో అడవి తొడుగుకొని నిలిచిన సైనికుని మాట తలచుకొనుడు! ఉపగ్రహచిత్ర మొక్కటి బల్లపై పరచి చూచియున్నచో ఆ దేశపు నేల యే వన్నెదో పసివాడు సయితము చెప్పియుండును.

ఈ యవివేక మొక్క జాతికే పరిమితమని తలపరాదు. 1914లో ఐరోపా మహాయుద్ధ మారంభమైనప్పుడు ఫ్రెంచి పదాతులు ఎఱ్ఱని షరాయిలు తొడిగికొని యుద్ధమునకు నడచిరి. వానిని మార్పవలెనని అంతకుముందే యొక యుద్ధమంత్రి ప్రతిపాదించగా, జాతిగౌరవమునకు భంగమని గగ్గోలు పుట్టెను. మరతుపాకుల యెదుట ఆ గౌరవ మెంతవఱకు నిలిచెనో చరిత్ర యెఱుగును. 1915లో ఆకాశపు నీలిబూడిద వన్నె దుస్తులు వచ్చెను. అదేయేట చిత్రకారులను కూర్చి ప్రచ్ఛాదనమునకై ప్రత్యేకశాఖను ఫ్రెంచివారు స్థాపించిరి. మన దేశముననో, ధూళియను నర్థమిచ్చు ఖాకీ 1840లలో పెషావరు సరిహద్దున పుట్టినది. పరప్రభుత్వపు సైన్యాధికారి కనిపెట్టిన యా వన్నె మనపై లాఠీ యెత్తిన చేతులకు గుర్తుగా మన మనస్సులలో నిలిచినను, సూత్రము మాత్రము సత్యము: నేల యే రంగో బట్ట ఆ రంగు కావలెను.

కాని రంగు అనగా నేమి? ఇచటనే చిక్కంతయు నున్నది. మానవనేత్రము 0.4 మైక్రాన్లు మొదలు 0.7 మైక్రాన్ల తరంగములవఱకే చూడగలదు. పచ్చనియాకు మనకు పచ్చగా దోచుట, అందలి పత్రహరితము ఎఱుపును నీలమును మ్రింగి ఆకుపచ్చను కొంత వెనుకకు పంపుటచేత. అయితే 0.7 మైక్రాన్లు దాటగానే కథ మాఱును. మన కంటి కగపడని పరారుణకాంతిని ఆకు మ్రింగదు. తన లోపలి కణములనిర్మాణమువలన నూటికి నలుబది యేబది పాళ్లు తిరిగి విసరివేయును. అనగా పరారుణదృష్టి గల కంటికి చెట్టు పచ్చగా గాక ధగధగ మెఱయుచు కనబడును. పచ్చరంగు పూసిన మామూలు గుడ్డయో, ఆకువలె మెఱయక నల్లగా నుండును, లేదా వేఱొక తీరున మెఱయును. మన కంటికి కవలలవలె నున్నవి ఆ కంటికి పగలు రేయివలె వేఱగును. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగుచు లోకము తన్ను చూడలేదనుకొనునట్లు, మన కంటికి కనబడలేదు గనుక శత్రువునకును కనబడదనుకొనుట వట్టి భ్రమ.

ఇది నేటి వింతయు గాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమందే పరారుణమునకు స్పందించు రంగుల ఫిల్మును కల్పించి విమానములనుండి ఛాయాచిత్రములు తీసిరి. ప్రాణముగల యాకులందు ఎఱ్ఱగా పడెను. పచ్చరంగు పూసిన కప్పులు నీలివన్నెగా బయటపడెను. ఆ ఫిల్మునకు ప్రచ్ఛాదనమును బట్టియిచ్చు ఫిల్మను పేరే కలిగెను. 1972లో అమెరికావారు ప్రయోగించిన లాండ్‌శాట్ మొదలు, 1988 మార్చి 17న ప్రయోగింపబడిన మన ఐ.ఆర్.ఎస్.-1ఏ వఱకు, తదనంతరము వచ్చిన యుపగ్రహములు పెక్కింటికిని పరారుణదృష్టి కలదు. మన రైతుల వరిపైరు ఏపుగా నున్నదో వాడియున్నదో ఆకాశమునుండి లెక్కగట్టుటకు శాస్త్రజ్ఞులు వాడునదియు నీ మెఱుపునే. మీ పొలము పచ్చదనమును నిజమని చెప్పు సాక్షియే కప్పుడుగుడ్డ పచ్చదనమును అబద్ధమని చెప్పును.

ఇంకొక మెట్టు పైకెక్కుదము. ఆకులో నీరుండును, గుడ్డలో నుండదు. 1.4, 1.9 మైక్రాన్ల ప్రాంతమున నీరు కాంతిని మ్రింగును. కాబట్టి రంగును, దగ్గఱి పరారుణమును సరిపుచ్చి నేసిన గుడ్డ సయితము ఈ దూరపు పరారుణమునందు పట్టుబడవచ్చును. రాడారుకంటి మాట వేఱు. అది రాత్రియనక, మబ్బనక, తన కిరణమును తానే ప్రసరింపజేసి చూచును. సామాన్యపు గుడ్డ దానికి అద్దముతో సమానము. లోపలి ఇనుపబండి యథాతథముగా బదులు పలుకును. అందుచేతనే నేటి ప్రచ్ఛాదనపు వలలలో విద్యుద్వాహకములగు పోగులు చేర్చి రాడారుకిరణమును చెదరగొట్ట జూచుచున్నారు. 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోటనుండి యెగసిన మన ఇ.ఓ.ఎస్.-04 ఇట్టి రాడారు ఉపగ్రహమే. మనకున్న కన్ను ఇతరులకు లేదనుకొనుట కవకాశము లేదు.

ఆకాశనేత్రముతో దాగురుమూతలాడుట మన జాతికి క్రొత్తగాదు. ఆంధ్రుడగు పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా నున్న 1995వ సంవత్సరమున పోఖ్రానునందు అణుపరీక్షకు జరిగిన సన్నాహమును అమెరికా ఉపగ్రహములు కనిపెట్టెను, ఒత్తిడి వచ్చెను, పరీక్ష జరుగలేదు. ఆ దెబ్బతో మనవారు పాఠము నేర్చిరి. 1998లో పని రాత్రులందే సాగెను. తెల్లవారకముందే యంత్రములు యథాస్థానములకు చేరెను. శాస్త్రజ్ఞులు సైనికవేషములు ధరించిరి. మే 11న మూడును, 13న రెండును పరీక్షలు జరిగినపిదపగాని లోకమునకు తెలియలేదు. పాండవులు తమ యాయుధములను జమ్మిచెట్టుపై దాచి, శవమును కట్టి, జనుల చూపు అటు మరలకుండ జేసిన కథ మనకు దసరాపండుగనాడెల్ల జ్ఞప్తికి వచ్చును గదా! చూచువాని కన్నునేగాక వాని తలంపునుగూడ నెఱిగినవాడే దాచగలడు.

కాని 1998 నాటి యుపాయము నేడు చెల్లునా? ఆనాడు ఉపగ్రహము వచ్చు వేళ లెక్కగట్టి, అది దాటిపోవువఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట సాధ్యమయ్యెను. ఇప్పుడు చిన్నయుపగ్రహములు దండులుదండులుగా తిరుగుచున్నవి. భూభాగమును దాదాపు ప్రతిదినమును చిత్రించు వ్యాపారసంస్థలు వెలసినవి. 30 సెంటీమీటర్ల వివరముగల చిత్రము సంతలో సరకైనది. వేళజూచి దాగుట నానాటికి దుస్సాధ్యమగుచున్నది. వేళ మోసిన బరువు ఇక గుడ్డపై బడును. కావుననే గుడ్డపరీక్ష పూర్వముకంటె నేడెక్కువ యావశ్యకమైనది.

ఆ పరీక్ష జరుపుటకు మనకు సాధనములు కొఱతయా? 2019 నవంబరు 27న శ్రీహరికోటనుండి యెగసిన కార్టోశాట్-3, నలుపుతెలుపు చిత్రమున 25 సెంటీమీటర్ల గడివఱకును, రంగుల చిత్రమున మీటరుకు కొంచెము మించిన గడివఱకును చూచునట్లు నిర్మింపబడినది. హైదరాబాదు బాలానగరునందు జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. షాద్‌నగరునందు ఉపగ్రహవార్తల నందుకొను స్థానము కలదు. జోధ్‌పూరు రక్షణప్రయోగశాలలో ప్రచ్ఛాదనవిద్యను పరిశోధించుచున్నారు. పెరటిచెట్టు మందునకు రాదన్న సామెతను నిజము చేయకుండుటయే మనకు వలసినది. విదేశపు వ్యాపారి చేతికిచ్చిన వెలపట్టికను నమ్ముటకంటె, మన నేలపై మన గుడ్డను పఱచి మన కంటితో చూచికొనుట మేలుగాదా?

అయితే పరీక్షయు అబద్ధమాడగలదు. అట్టి తప్పుడు సాక్ష్యము పరీక్ష లేకుండుటకంటె నపాయకరము. ఉపగ్రహచిత్రము చిన్నచిన్న గళ్లతో కూడినది; ఒక్కొక్క గడిలోనిదంతయు కలగలసి యొకేవన్నెగా నమోదగును. మన పాత ఉపగ్రహములందలి లిస్-3 కెమేరా గడి 23.5 మీటర్లు. పదిమీటర్ల చదరపు వలను దానిక్రింద పఱచినచో, అది గడివైశాల్యములో అయిదవ వంతైన నిండదు. చిత్రమున వల కానరాదు. అప్పుడు వల గెలిచినదని జబ్బలు చఱచుకొనుట, చీకటిలో చీర రంగు మెచ్చుకొనుటవంటిది. గెలిచినది వల గాదు, ఓడినది కన్ను. 2018లో ప్రయోగించిన హైసిస్ వర్ణభేదములను మిక్కిలి సూక్ష్మముగా విభజింపగలదుగాని, దాని గడి 30 మీటర్లు. కావున పఱచెడి గుడ్డ, చూచెడి గడికి మూడునాలుగు రెట్ల పొడవును వెడల్పును గలిగి, కొన్ని గళ్లయినను పూర్తిగా గుడ్డతోనే నిండునట్లుండవలెను. వాతావరణపు మసకను తీసివేయుటకు, ఎంత కాంతి విసరునో ముందే కొలిచిన తెల్లని, నల్లని పటములను ప్రక్కన పఱచి సరిచూచికొనవలెను.

మఱియొక భ్రమ తొలగింపవలసియున్నది. 2022 జనవరి 15న దిల్లీ సైనికదినోత్సవమున మన సైన్యము చిన్నచిన్న చదరపు మచ్చల క్రొత్త దుస్తులను ప్రదర్శించెను. ఆ మచ్చలను ఉపగ్రహముచే పరీక్షింపుడని మేము చెప్పుటలేదు. నిలిచిన సైనికుడు పైనుండి చూచినప్పుడు 25 సెంటీమీటర్ల గళ్లలో నాలుగైదింటిని మించడు. ఆ చొక్కాపై మచ్చ లెట్లున్నను అన్నియు కలిసి యొకే రంగగును. వాని మచ్చల బాగోగులు ఏబది, నూఱు, మూడువందల మీటర్ల దూరమున నేలపై నిలిచినవాని కంటితోను, రాత్రిదుర్బీనుతోను, తక్కువయెత్తున తిరుగు డ్రోనుతోను తేల్పవలెను. మింటి కన్ను విచారింపవలసినవి రెండు: చొక్కా మొత్తపు వన్నె నేలవన్నెతో కంటికిని పరారుణమునకును సరిపోవునా యనునది యొకటి, బండ్లకు, ఫిరంగులకు, డేరాలకు కప్పెడి పెద్దవలలు వాని ఆకారమును, నీడను చెఱపగలవా యనునది రెండవది. వేడిని చూచు పరీక్షకు ఉపగ్రహపు గళ్లు సాధారణముగా మిక్కిలి పెద్దవి. దానిని విమానమునకు విడువవలెను. ఏ పని ఏ కంటిదో తెలియనివాడు పరీక్షాధికారియై కూర్చుండరాదు.

మఱి పరీక్ష యెట్లు జరుగవలెను? మొదట, గుడ్డ నేయకమునుపే నేలను కొలువవలెను. మన భారతభూమి యొకేవన్నెది గాదు. థారు ఎడారి యిసుక, దక్కను నల్లరేగడి, తూర్పుకనుమల ఎఱ్ఱమట్టి, ఈశాన్యపు దట్టపుటడవి, హిమాలయపు మంచు వేనికవియే. 1987 మొదలు అటవీసర్వే శాఖ ఉపగ్రహసాయమున అడవుల లెక్క ప్రకటించుచున్నది. 2023వ సంవత్సరపు నివేదికలో అడవి దేశవైశాల్యమున నూటికి 21.76 పాళ్లని తేలినది. అడవిని కొలిచినవారు వన్నెను కొలువలేరా? అదియు ఋతువు ఋతువునను కొలువవలెను. శ్రావణమాసపు గట్టు వైశాఖమున గడ్డియెండి గోధుమవన్నె దాల్చును. ఒక్కనాటి చిత్రముతో సంవత్సరమంతటికి తీర్పు చెప్పరాదు.

రెండవది, తీర్పరికి ముందుగా నేమియు తెలియరాదు. కొన్ని స్థలములందు గుడ్డ పఱచి, కొన్నింటిని ఉత్తగా వదలి, వేఱుకొన్నిటియందు బూటకపు బండ్ల నుంచి, ఎచట నేమున్నదో యెఱుగని చిత్రపరీక్షకుల కా చిత్రముల నీయవలెను. వారు ఎన్ని కనిపెట్టిరి, లేనివాని నెన్నింటిని ఉన్నవనిరి, ఈ రెండు లెక్కలును కావలెను. వల యెక్కడున్నదో తెలిసి చూచువాడు దానిని తప్పక చూచును. కనబడరాదని కోరువాడు చూడకయే పోవును. మూడవది, గెలుపెంత, ఓటమి యెంత యనునది పరీక్షకు ముందే కాగితముపై పెట్టవలెను. ఫలితము చూచి గీత జరుపరాదు. నాల్గవది, క్రొత్తగుడ్డ గెలిచినంతనే సరిపోదు. ఎండలో ఆఱునెలలు మాడి, వానలో నాని, పలుమాఱు చాకిరేవు చూచిన గుడ్డను మరల పఱచి పరీక్షింపవలెను. ఇల్లలుకగానే పండుగ గాదు.

ఇవి రక్షణరహస్యములు, పత్రికలు ముట్టరాదని కొందఱు పెద్దలు పలుకుదురు. ఏ గుడ్డ యెంత పరారుణమును విసరునో, ఏ పోగులో నేమి కలిపిరో రహస్యముగనే యుండనిండు. మేము దాని నడుగుట లేదు. కాని పరీక్ష జరిగెనా, అమ్మినవాడు గాక వేఱొకడు జరిపెనా, గెలిచిన గుడ్డనే కొనిరా యను మూడు ప్రశ్నలలో రహస్యమేమున్నది? పఱచిన వలను శత్రువు ఉపగ్రహము ఎట్లును చిత్రించును. శత్రువునకు తెలిసి ప్రజలకు మాత్రము తెలియకుండు రహస్యము ఎవరిని కాపాడుచున్నది? అది సైనికుని గాక గుత్తదారునే కాపాడును. పార్లమెంటు రక్షణసంఘమునకును, లెక్కల తనిఖీ అధికారికిని ఈ మూడు సమాధానములు ఏటేట అందవలెను.

ఈ విషయమున మన భూస్వాములకును, మిల్లులవారికిని, నేతకార్మికులకును నేరుగా సంబంధము కలదు. పరారుణమునందు ఆకువలె ప్రవర్తించు బట్ట నేయుటలో నూలుగుడ్డకు మంచి యోగ్యత యున్నది. తొట్టిరంగులని చెప్పబడు వర్గమునకు చెందిన యద్దకములు నూలుకు పట్టి, ఎండకును ఉతుకునకును నిలుచుటయేగాక, పరారుణపు మెఱుపును ఇష్టమువచ్చినంత సరిపుచ్చుటకు వీలిచ్చును. ఒకప్పుడు నెల్లూరు, కడప మండలములలో పండిన నీలిమందు ఆ వర్గమునకు పెద్దయన్నయే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు నల్లరేగళ్లలో ప్రత్తి పండించు దేశమునకు తన సైనికుని బట్టకై పరులవైపు చూడవలసిన దుర్గతి యేల? అయితే స్వదేశవస్తువను పేరు పరీక్షకు మినహాయింపు గాదు. స్వదేశీ యనగా లోపమును భరించుట గాదు. లోపమును మనమే కనిపెట్టి మనమే దిద్దుకొనుట. పరీక్షలో నోడిన మన గుడ్డను మనమే త్రోసివేయగలిగిననాడే, గెలిచిన మన గుడ్డను లోకము గౌరవించును.

యుద్ధమును కోరి మే మీ మాటలు వ్రాయుటలేదు. యుద్ధము రాకుండుటయే మేలని నమ్మువారము. కాని సరిహద్దున నిలిచిన రైతుబిడ్డకు మనమిచ్చునది వట్టి రంగుగుడ్డ గాదు. నీవు కనబడవను మాట. ఆ మాట నిజమో కాదో వాడు తెలిసికొనుటకు శత్రువు గుండు రావలసిన స్థితిని మనము కల్పింపరాదు. చేతులు కాలినపిదప ఆకులు వెదకుటకంటె, ఆ యాకు నిజమైనదో కాదో ముందే మన మింటి కన్ను నడుగుట వివేకము. ప్రభుత్వమువా రీపాటి ప్రశ్నకు జవాబు చెప్పవలెను. ప్రజలు జవాబు వచ్చువఱకు అడుగుచుండవలెను.